రమణక్క మధ్యాహ్నాలు

జిరాక్స్ మిషన్‌లోంచి అప్పుడే వచ్చిన కాగితం చేతికి వెచ్చగా తగిలితే నాకిక పని సాగదు. నిన్న ఆఫీసులో అదే జరిగింది. ఫైలు పక్కన పెట్టి, వీధి పొడుగునా జిరాక్స్ షాపులుండే ఢిల్లీ జియా సరాయ్‌లో నాతో గది పంచుకున్న రమణక్కను తలచుకుంటూ కూర్చుండిపోయాను. అక్కది అనంతపురం. సివిల్స్ రాయడానికి ఆమెకు అదే ఆఖరి అవకాశం, ఆపైన వయసు ఒప్పుకోదు. పొద్దున కోచింగ్, సాయంత్రం జనక్‌పురిలో పిల్లలకు ట్యూషన్. చదువుకోవడానికి ఆమెకు మిగిలేది మధ్యాహ్నమే.

నేను గుంటూరు నుంచి బట్టీ తప్ప మరేమీ తెలియకుండా వచ్చినదాన్ని. రోజంతా రాజ్యాంగం తిరగేయడం, సాయంత్రానికి బుర్ర ఖాళీ అయిందని ఏడవడం. వారం రోజులు నా ఏడుపు భరించి, అక్క ఒక పేజీ చదవమంది. పుస్తకం లాగేసుకుని, అన్నం తిని రమ్మంది. వచ్చాక ఏం మిగిలిందో చెప్పమంది. నోరు తెరిచానో లేదో, ముప్పావు పేజీ గడగడా వచ్చేసింది.

"చూస్తివా? నీకు కండ్లతో ఎక్కదు. ఎవురికన్నా చెప్తేనే నిలబడతాది. పద్మకు రాస్తే ఎక్కుతాది, షాహీనాకు నడిస్తే ఎక్కుతాది. అందరికీ ఒకటే పద్ధతంటే ఎట్ల కుదురుతాది?"

"ఎవరికి చెప్పనక్కా? ఇక్కడ ఎవరి గోల వాళ్లది."

"నాకు చెప్పు. నేనేమన్నా చెవిటిదాన్నా?"

పద్మ, షాహీనా మా పక్కగది అమ్మాయిలు. పద్మ కోసం అక్క పాత క్యాలెండర్ల వెనక పటాలు గీసి పెట్టేది. షాహీనాకు డాబా మీద తిరుగుతూ వల్లించుకోవడానికి చీటీలు రాసిచ్చేది. ఆ అడుగుల చప్పుడుకు కింద ఇంటావిడ, స్లాబు కూలగొడతారా అన్నట్టు, "అరే, ఛత్ తోడోగీ క్యా?" అని అరిస్తే, "సారీ ఆంటీ, ఎగ్జామ్ హై" అని బతిమాలేది కూడా అక్కే. ఇక నేను రోజూ మధ్యాహ్నం భోజనం కాగానే ఆమె ఎదుట కూర్చుని పాఠం అందుకునేదాన్ని. అక్క తనకు తెలిసిన విషయాన్నే తెలియనట్టు మళ్లీ అడిగి చెప్పించుకునేది. నా పాఠం వింటే ఆమెకూ చదివినట్టే కదా అని నేను నిశ్చింతగా ఉన్నాను. ఎంత తెలివితక్కువదాన్నో!

ఫలితాల్లో నా పేరు ఉంది. అక్క పేరు లేదు. నాలుగో రోజు ఆమె ఊరికి బయల్దేరుతుంటే, సాయంగా ఆమె పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుతూ చూశాను. చాలా వాటిలో సగం పేజీలు నలగనే లేదు.

"నేను చెప్పినవన్నీ విన్నావుగా, అవైనా పరీక్షలో గుర్తు రాలేదా అక్కా?" అన్నాను.

"చెవినబడింది నాకు నిలబడదు పాపా. తలుపేసుకోని, ఒక్కదాన్నే, చప్పుడు లేకుండా చదివితేనే ఎక్కుతాది. చిన్నప్పట్నుంచీ అంతే."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"అడిగింటే చెప్పేదాన్నేమో," అని పెట్టెకు తాడు బిగించింది. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కాస్త సులువుగా ఉండేది.

మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు నిబంధనలు నేర్పేది నేనే. ఎవరికి ఎలా చెబితే ఎక్కుతుందో ఇట్టే కనిపెడతానని అందరూ మెచ్చుకుంటారు. ఆ మెప్పు నాకు ఒంటబట్టదు. రాజ్యాంగంలో ఏ అధికరణం అడిగినా ఇప్పటికీ తడుముకోకుండా చెబుతాను. చెబుతున్నంతసేపూ అక్క ఎదురుగా కూర్చుని ఊఁ కొడుతున్నట్టే ఉంటుంది. ఆమె చదువుకోవలసిన మధ్యాహ్నాలన్నీ నా తలలో భద్రంగా ఉన్నాయి.