గాలి రాని డబ్బా

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది ఎండాకాలంలో కంపెనీ నన్ను ఇబ్రహీంపట్నం షెడ్డుకు డిజైన్ ఇంజనీరుగా పంపింది. నా పైన ప్లాంటు మేనేజరు, కింద ఫోర్‌మన్ యాదయ్య, అతని కింద వడ్రంగులు. పని ఒక్కటే: ఇళ్లలో పెట్టుకునే స్పీకర్ జత తయారుచేయడం. అది అమ్ముడైతే షెడ్డు ఉంటుంది, లేకపోతే తాళం పడుతుంది. మేనేజరు ఈ మాట మొదటి రోజే చెప్పాడు.

స్పీకర్ డబ్బాలు రెండు రకాలు. ఒకటి పూర్తిగా మూసేది. లోపల చిక్కిన గాలి స్ప్రింగులా పనిచేసి, శబ్దం పుట్టించే కాగితాన్ని హద్దులో ఉంచుతుంది. రెండోదానికి గొట్టం ఉంటుంది. అందులో గాలి ఊగి బేస్‌ను పెంచుతుంది. వెంచర్లలో కట్టే ఇళ్ల గదులు చిన్నవి. గొట్టం డబ్బా పెడితే గోడలు గుంయ్‌మంటాయి, పాటలో మాట వినపడదు. అందుకని మూసిన డబ్బా ఎంచుకుని, దానికి తగిన మెత్తని అంచు స్పీకర్ తెప్పించాను. యాదయ్య అతుకులు ఎంత బిగువుగా వేశాడంటే, ఒక డబ్బాలో చిక్కిన దోమ వానలు పడేదాకా బయటికి రాలేక లోపలే పాడింది. ఆ పాట కూడా శుభ్రంగా వినిపించింది. నమ్మనివాళ్లు యాదయ్యను అడగవచ్చు. అతను ఇంకో రెండు దోమలు కలిపి చెబుతాడు.

బస్ డిపో దగ్గర దుకాణం నడిపే శ్రీశైలం మా మొదటి డీలరు. పాట పెట్టగానే డబ్బా ముందు అరచెయ్యి పెట్టాడు. మా వైపు స్పీకర్‌ను అలాగే పరీక్షిస్తారు. పెళ్లి బరాత్‌లో డీజే బండి దగ్గర అబ్బిన అలవాటు అది.

"ఏంది సారూ, గాలే కొడ్తలేదు?"

"కొట్టొద్దనే మూసినం."

"గాలి కొట్టకుంటే గిరాకి ఎట్ల నమ్ముతడు?"

"చెవులున్నయి గద, వింటడు."

"వినెటోడు రేడియో కొంటడు. స్పీకర్ కొనెటోడు దమ్ము చూస్తడు."

అయినా మేనేజరు మొహం చూసి సరుకు తీసుకున్నాడు. కొద్ది రోజులకే డబ్బాలు వాపసు రాసాగాయి. అన్నిటికీ ఒకటే జబ్బు: కాగితం చిరిగింది, వెనక తీగచుట్ట నలిగింది. కారణం కోసం వెతకాల్సిన అవసరం లేకపోయింది. ముందు పలకలో గుండ్రని రంధ్రం, అందులో నల్లా పైపు ముక్క!

నేను, యాదయ్య దుకాణానికి పరుగెత్తాం. శ్రీశైలం ఇంకో డబ్బాకు రంధ్రం కోస్తున్నాడు.

"మీరు మర్చిపోయిన బొక్క నేను పెట్టిన సారూ" అన్నాడు గర్వంగా. "ఇప్పుడు మస్తు పోతున్నయ్."

"లోపలి గాలే దానికి ఆసరా. బొక్క పెడితే కాగితం పట్టు తప్పి, చుట్ట పోయి వెనక ఇనుముకు కొట్టుకుంటది" అన్నాను.

అతను శబ్దం పెంచాడు. లోపల టకటక. అక్కడున్న గిరాకి చెయ్యి పెట్టి చూసి, "గిదే ఇయ్యి" అన్నాడు.

"అది సచ్చెటందుకు కొట్టుకుంటున్నదే అన్నా!" అన్నాడు యాదయ్య. గిరాకి అప్పటికే ప్యాక్ చేయిస్తున్నాడు.

చివరి ప్రయత్నంగా యాదయ్య లోపలికి దారిలేని ఉత్తుత్తి గొట్టం బిగించాడు. "చూసెటందుకు బొక్క, పనికి మూత" అన్నాడు. శ్రీశైలం చెయ్యి పెట్టాడు. గాలి రాలేదు. డ్రిల్లు తెచ్చి దాని అడుగు పొడిచాడు.

హెడ్డాఫీసు నివేదిక అడిగితే రాశాను. గొట్టానికి తగిన గట్టి స్పీకర్‌తో కొత్త డిజైన్ చేయడానికి గడువు కోరాను. వాళ్లు గొట్టం డబ్బాలను బయటినుంచి తెప్పించుకుని షెడ్డు మూసేశారు. వడ్రంగులు తుక్కుగూడ వైపు తలుపుల పనికి పోయారు. నేను వయసు రాకముందే ఉద్యోగ విరమణ తీసుకున్నాను.

తాళం వేసే ముందు యాదయ్య అడిగాడు. "మన డబ్బా మంచిదేనా సారూ?"

"మంచిదే."

"గట్లయితే ఏం ఫాయిద?"

నేను తాళం వేశాను.

ఏ డబ్బా మంచిదని ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. చిన్న గదికి మూసింది, పెద్ద హాలుకు గొట్టం ఉన్నది. ఏ స్పీకర్‌ను ఏ డబ్బా కోసం చేశారో అందులోనే పెట్టాలి. ఇబ్రహీంపట్నం అదనంగా నేర్పింది ఒక్కటే: దుకాణంలో అరచెయ్యి తీర్పు చెప్పేశాక, చెవిని ఎవరూ సాక్ష్యానికి పిలవరు.