కళ్ళజోడు మార్చుకోమన్న మాస్టారు

మా పక్కింటి సైన్సు మాస్టారు పోయి ఇవాళ్టికి పదిహేను రోజులు. ఆ పొద్దున్న పాలు పోస్తూ పాలమ్మాయి, "మాస్టారు నిద్దట్లోనే వెళ్ళిపోయేరంటండీ" అంది. పాలు పొయ్యి మీద పెట్టి పరిగెత్తేను. తిరిగొచ్చేసరికి గిన్నె మాడిపోయింది. ఆయన మంచితనం గురించి ఆ రోజు చాలామంది చెప్పేరు. అంతా నిజమే. నాకు ఆయన మీద కోపం, అదీ నిజమే. పోయినవాళ్ళ గురించి మంచే వినాలనుకునేవారు ఈ పేజీ తిప్పేయొచ్చు.

అమలాపురంలో మా రెండిళ్ళకీ మధ్య నడుమెత్తు గోడ. గోడకి ఇటు నా మునగచెట్టు, బీరపందిరి. నేను తెలుగు పంతులమ్మని. పద్యాల్లో తుమ్మెదల గురించి ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పేను గాని, ఒక్కదాన్నీ తిన్నగా చూసిన పాపాన పోలేదు. రిటైరైన కొత్తలో ఓ రోజు మాస్టారు పిలిచి నా పందిరి వెదురు చూపించేరు. గుండ్రటి కన్నం. అందులోంచి బొటనవేలంత నల్ల తుమ్మెద బయటికొచ్చింది. "వీటికి గుంపు లేదండీ, రాణీ లేదు. ఎవరి కాపురం వారిదే. మీ మునగకాయలు వీటి చలవేనండీ, చిన్న ఈగల వల్ల కాదు" అన్నారు.

ఆ మర్నాటి నుంచి, మునగ పూసినన్నాళ్ళూ, కాఫీ గ్లాసులతో గోడకి చెరోపక్కా నిలబడి తుమ్మెదల్ని లెక్కపెట్టేవాళ్ళం. నేను పుస్తకంలో రాసేదాన్ని. "పది పైనే" అని రాస్తే ఒప్పుకునేవారు కాదు. "చూసిందే రాయాలండీ, అనుకున్నది కాదు" అనేవారు. ఊళ్ళో సగంమంది పిల్లల వ్యాసాలు దిద్దినదాన్ని, నా చేతే కొట్టేయించి మళ్ళీ రాయించేరు. అరవై దగ్గరపడ్డాక కొత్త గురువు దొరకడం చిన్న భాగ్యమా?

తొంభైల చివర్లో మాస్టారు ఎక్కడో శిక్షణకెళ్ళొచ్చి డాబా మీద తేనెటీగల పెట్టెలు పెట్టేరు. ముందు రెండు. రెండేళ్ళకి పన్నెండు. తెల్లారేసరికి చెట్టునిండా ఆ ఈగలే. తుమ్మెదలు కాస్త ఎండెక్కేక వచ్చి, ఖాళీ పూల చుట్టూ ఓసారి తిరిగి వెళ్ళిపోయేవి, బంతి లేచాక వచ్చిన చుట్టాల్లా. కొన్నాళ్ళకి అవీ తగ్గేయి. చెట్టు తెల్లగా పూసేది, కాయ మాత్రం పులుసుకైనా సరిపోయేది కాదు.

"మాస్టారూ, మీ ఈగలు నా తుమ్మెదల్ని వెళ్ళగొడుతున్నాయండీ" అన్నాను.

"అబ్బే, లేదండీ. పూలు అందరికీ సరిపోతాయి. మీకు చూపు ఆనడం లేదేమో, ఓసారి కళ్ళజోడు మార్చుకుని చూడండి."

ఇంకెవరైనా ఆ మాటంటే నా చేతిలో అయిపోయేవారు. ఆయనన్నారు కాబట్టి కళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళేను. "చూపు బాగానే ఉందండీ మామ్మగారూ" అన్నాడు కుర్ర డాక్టరు. ఊరికే తిరిగి రావడం నామోషీగా ఉండి ఫ్రేము మార్పించుకున్నాను. దాంట్లోంచీ తుమ్మెదలు కనపడలేదు. నేనే ముసలిదాన్నయ్యానని సరిపెట్టుకుని పుస్తకం మూసేసేను. ఏటా ఆయన గోడ మీద తేనెసీసా పెట్టేవారు. తేనె చాలా బాగుండేది. అదింకా మంట.

పదో రోజున పి.గన్నవరం నుంచి వచ్చిన ఓ రైతు మాస్టారి భార్యని ఓదారుస్తున్నాడు. నేను పక్కనే ఉన్నాను.

"మాస్టారు మా మేలు కోరేరండీ. పెట్టెలు మునగతోటకి దూరంగా పెట్టుకోమన్నారు. 'మా వీధిలో నేను దగ్గరగా పెట్టి నల్ల తుమ్మెదల్ని పోగొట్టేను, నువ్వా తప్పు చెయ్యకు' అన్నారండీ."

"ఎప్పుడన్నారు నాయనా?" అన్నాను.

"నాలుగేళ్ళయిందండీ. పెట్టెల కోసం ఎవరొచ్చినా ముందు అదే చెప్పేవారు, ఆయ్."

మాస్టారి భార్య నా చెయ్యి పట్టుకున్నారు. "మీకు చెబుదామని ఎన్నిసార్లు గోడదాకా వచ్చేరో వదినగారూ. మీ నోటికి జడిసి వెనక్కొచ్చేసేవారు."

నా నోటికి అంత ప్రతాపం ఉందని నాకు తెలీదు. ఊరందరికీ చెప్పిన నిజాన్ని, ఎదురుగా నిలబడి కాఫీ తాగే నా దగ్గర మాత్రం దాచేరు. పెట్టెలు పెడితే పెట్టేరు, అది క్షమించగలను. నా కళ్ళని నమ్ముకోవడం నేర్పిన మనిషి, అవి నిజం చెప్పిన రోజున నా చేతే వాటిని అనుమానించేలా చేసేరు. దీనికి ఇప్పుడు ఎవరితో దెబ్బలాడను?

మొన్న మధ్యాహ్నం వాళ్ళబ్బాయి ట్రాలీ ఆటో తెచ్చేడు, పెట్టెల్ని ఐ.పోలవరంలో మావగారి కొబ్బరితోటకి పంపేద్దామని. డాబా మీంచి నన్ను చూసి, "ఇప్పుడు కదపొచ్చాండీ, అత్తయ్యగారూ?" అనడిగేడు.

పొద్దుగూకి, మేతకెళ్ళిన ఈగలన్నీ లోపలికి చేరాకే పెట్టె మూసి కదపాలి. నాకు తెలుసు, మాస్టారే చెప్పేరు.

"మీ నాన్నగారు చెప్పలేదా?"

"లేదండీ."

"అయితే నీ ఇష్టం నాయనా" అన్నాను.

ఎండ ఉండగానే పెట్టెలతో ఆటో వెళ్ళిపోయింది. సాయంత్రం వాళ్ళ డాబా మెట్లెక్కేను. కాళ్ళకి పసుప్పచ్చటి పుప్పొడి అంటించుకుని ఈగలు ఇంకా వస్తూనే ఉన్నాయి. పెట్టె గుమ్మం ఉండాల్సిన ఎత్తులో గాలిలో ఆగుతున్నాయి, పక్కకి జరిగి మళ్ళీ ఆగుతున్నాయి. చీమలెక్కకుండా పెట్టెల కాళ్ళ కింద పెట్టిన నీళ్ళ పళ్ళేలు నేల మీద అలాగే మిగిలిపోయేయి. ఎండ తగ్గేకొద్దీ ఒక్కొక్కటే కిందికి దిగి ఆ పళ్ళేల అంచుల మీద చేరేయి, ఒకదాన్నొకటి ఆనుకుని.