మీట నొక్కమన్న నిపుణుడు

ఇంట్లో కంప్యూటర్ ఉంటే దాని మీద పూలగుడ్డ కప్పి దాచుకునే రోజులవి. అప్పట్లో మూడు నెలల కోర్సు చేసినవాడు బంధువులందరికీ డాక్టరు. నేను నిజామాబాద్ బస్టాండుకు దగ్గర్లో ఒక సంస్థలో ఆ కోర్సు చేసి, అక్కడే కొత్తవాళ్లకు నేర్పే పనిలో కుదిరాను. (నేర్పింది ఎక్కువగా ఇంటి బొమ్మ గీసి ఎర్ర రంగు నింపడమే అనుకోండి.) ఇందల్వాయి నుంచి ధర్పల్లి దాకా మా చుట్టాల్లో ఎవరి కంప్యూటర్ మొండికేసినా ఫోన్ నాకే వచ్చేది. ‘నాకు తెలియదు’ అనే మాట తప్ప అన్ని మాటలూ నా దగ్గర ఉండేవి. నా మాట వల్ల ఎవరి కంప్యూటరైనా బాగుపడితే అది నా గొప్ప, పాడైతే కరెంటు తప్పు.

మా అక్కది బోధన్. బావ గల్ఫ్‌కు పోయేనాటికి ఆమెకు ఐదో నెల. పాప పుట్టింది, బోర్లా పడింది, పాకింది, నడిచింది. బావ ఒక్కటీ చూడలేదు. ఇట్లా అవుతుందని ముందే తెలిసి, పాప పుట్టిన వారంలోనే నేను ఒక పాత కంప్యూటర్ చూసి బస్సు మీద వేసుకుపోయి అక్క ఇంట్లో బిగించాను. అక్క చేతిలోని చిన్న ఫోన్‌లో పది ఫోటోలు దిగితే చోటు అయిపోయేది. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి ఫోన్ ఖాళీ చేయడం నేర్పాను. అట్లా రెండున్నర సంవత్సరాల పాప అందులో పోగుపడింది. మొదటి అడుగు, మొదటి స్నానం, బావ ఫోటో మీద చెయ్యి వేసి మొదటిసారి ‘బాపూ’ అని తండ్రిని పిలిచిన వీడియో. ఆ ఊరి నెట్‌లో వీడియో పంపడం అయ్యే పని కాదు గనక, బావ వచ్చినప్పుడు వరుసగా కూర్చోబెట్టి చూపించాలని అక్క ఆశ. “అన్ని సీడీల ఎక్కించిస్త అక్కా, వచ్చే ఐతారం” అని నేను మాట ఇచ్చాను. అట్లాంటి ఆదివారాలు యాభై దాటాయి.

కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊరు. కంప్యూటర్ నడుస్తుండగానే ఆరిపోయేది. మళ్లీ పెడితే నల్లటి తెర వచ్చి, లోపలి డిస్కును చెక్ చేస్తానని, వద్దనుకుంటే పది సెకన్లలో ఏదో ఒక మీట నొక్కమని అడిగేది. మొదటిసారి అక్క గాబరాగా ఫోన్ చేసింది. “తమ్మీ, గిది చెకింగ్ చేస్తనంటున్నది, చెయ్యనియ్యాల్నా?” నేను జవాబు చెప్పేలోపే వెనక నుంచి ఆమె అత్తమ్మ కేక వినిపించింది. “వద్దను బిడ్డా! చెకింగ్ అంటే మంచియి సుత తీసి పడేసుడే!”

ఆ అత్తమ్మ బీడీలు చేసేది. చేసిన కట్టలు కార్ఖానాకు తీసుకుపోతే అక్కడి చెకింగ్ ఆయన విప్పి చూసి, ఇది వదులు, ఇది సన్నం అని గుప్పెడు తీసి పక్కన పడేసేవాడు. పడేసినవి మళ్లీ చేతికి రావు. జీవితమంతా చెకింగ్ అంటే పోగొట్టుకోవడమే చూసిన మనిషి ఆమె. పాప ఫోటోల మీద ఆ చెయ్యి పడనిస్తుందా? ఆమెది భయం, అర్థం చేసుకోవచ్చు. కోర్సు చేసిన నా తెలివికేమైంది? “అత్తమ్మ చెప్పింది కరెక్టే అక్కా. ఏదన్న ఒక మీట కొట్టు, నోరు మూసుకుంటది” అన్నాను. అప్పటి నుంచి నల్లతెర రావడం ఆలస్యం, అత్తమ్మ చాట పక్కన పెట్టి, తంబాకు చేత్తోనే వచ్చి మీట కొట్టేది. పది సెకన్లలో ఆమెకు ఎప్పుడూ మూడే పట్టేవి.

తర్వాత కంప్యూటర్ నెమ్మదించింది. ఫోటో తెరవమంటే అక్క బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి వచ్చేది. లోపల టిక్కు టిక్కుమని చప్పుడు. “వేడి చేసింది, డబ్బా మూత తీసి ఫ్యాన్ పెట్టు” అన్నాను. జ్వరానికి తడిగుడ్డ వేయమన్నంత ధీమాగా.

బావ వస్తున్నాడని తెలిసిన వారం, సీడీలు పట్టుకుని బోధన్‌లో దిగాను. దిగినవాణ్ని ముందు ఫోటోలు ఎక్కించుకోవచ్చు కదా! లేదు. నా పనితనం అక్క చూడాలి. “మొదలు డిస్కుల చెదిరిపోయినయన్ని ఒక వరుసకు సర్దుత, అప్పుడు సూడు స్పీడు” అని సర్దే ప్రోగ్రాం నడిపించాను. తెర మీద రంగు గళ్లు కదులుతుంటే అక్క మురిసిపోయి చాయ్ పెట్టింది. చాయ్ సగం తాగేసరికి గళ్లు ఆగిపోయాయి. టిక్కు టిక్కు కాస్తా కర్రుమని, తర్వాత ఏ చప్పుడూ లేకుండా పోయింది. మళ్లీ పెడితే డిస్కే కనబడటం లేదంది. అక్క నా ముఖం చూసింది. “కరెంటు తక్కువున్నట్టుంది” అన్నాను.

డిస్కును రుమాల్లో చుట్టుకుని నిజామాబాద్‌లో ఒక మెకానిక్ దగ్గరికి పరుగెత్తాను. పెద్దమనిషి దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

“చెక్ చేస్త అని ఎన్ని రోజుల సంది అడుగుతుండె భాయ్?”

“ఏడాది దాటింది.”

“మరి నువ్వేం చేసినవ్?”

“మీట కొట్టమన్న.”

ఆయన కళ్లద్దాలు తీసి నన్ను చూశాడు. “మాటిమాటికి అడుగుతుందంటెనే బీమారున్నట్టు. గప్పుడే తెస్తె అన్ని తీసిస్తుంటి. సావుబతుకులల్ల ఉన్నదాన్తోని ఇల్లు సర్దిపిచ్చినవ్ గదనయ్యా!” నా వృత్తి ఏమిటని అడిగితే బట్టల దుకాణంలో పని అని చెప్పాను.

బావ వచ్చాడు. పాప తలుపు వెనక దాక్కుంది. ఆయన చెయ్యి చాపితే ఏడ్చింది. అన్నం తిన్నాక బావ కంప్యూటర్ ముందు కుర్చీ లాక్కుని, “ఏది, నా బిడ్డ సినిమా పెట్టుండ్రి” అన్నాడు. నేను తల వంచుకున్నాను. అక్కే చెప్పింది, నా పేరు ఎత్తకుండా, “అది ఖరాబైంది” అని. తర్వాత కొంగు నడుముకు చుట్టి, “నేను సూపిస్త ఆగుండ్రి” అని నేల మీద పాకింది. గిట్ల పాకేది, గిట్ల లేచి రెండడుగులేసి కూలబడేది అని చేసి చూపించింది. అత్తమ్మ పకపకా నవ్వింది, బావ నవ్వాడు, తలుపు వెనక నుంచి పాప కూడా వచ్చి తల్లితో పాకింది. “మరి బాపూ అని ఎట్లన్నది?” అని బావ అడిగాడు. అక్క పాప గొంతు పెట్టబోయి మధ్యలోనే ఆపేసింది. బావ గబుక్కున “పోనీ తియ్, ఇగ నాతోనే అంటది గద” అని లేచి, ముఖం కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

పాప నాలుగో రోజుకు అన్నది. కానీ అది మొదటిది కాదు.

బావ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. ఇప్పుడు ఎవరైనా కంప్యూటర్ గురించి అడిగితే ముందు ‘నాకు తెలియదు’ అంటున్నాను. తెలిసినవి కొన్ని ఉన్నా సరే. ఆనాటి ఆ నిపుణుడు ఎదురైతే నవ్వు ఆపుకుని చెవి మెలిపెట్టాలని ఉంది. మొన్న బోధన్ పోయినప్పుడు ధైర్యం చేసి అక్కను అడిగాను, “పాప గప్పుడు బాపూ అని ఎట్లన్నదే?” అని. అక్క చేతిలోని చిక్కుడుకాయ ఈనె తీసి గిన్నెలో వేసింది.

“యాదికొస్తలేదు తమ్మీ” అని నవ్వింది.

నేనూ నవ్వాను. ఇంకేం చేయను?