దుంగ కింద ఫిలెమోనా

మెక్సికోలోని ఓహాకా కొండల్లో ఫిలెమోనాకు గట్టి మనిషని పేరు. తాగి గొడవ చేసేవాళ్లను చీపురుతో తరిమిన మనిషి. ఆవిడ భయపడేదల్లా సలమాండర్‌కే. చూడ్డానికి బల్లిలాగే ఉంటుంది గానీ పొలుసులుండవు. కప్పలాంటి తడి చర్మం. అది ఆడవాళ్ల బట్టల్లో దూరిందంటే కడుపులో చేరిపోతుందని చిన్నప్పుడు అమ్మమ్మ చెప్పిన మాట, తల నెరిసినా ఆవిడను వదల్లేదు.

ఆ ఏడు ఊరి అడవికి వంతులవారీగా కాపలా కాసేవాళ్లలో ఆవిడా ఉంది, ఆ రోజు వంతు ఆవిడది. అందుకే సలమాండర్ల మీద పరిశోధనకు పట్నం నుంచి వచ్చిన ఇరాయిస్ అనే అమ్మాయికి తోడు వెళ్లక తప్పలేదు.

ఇరాయిస్ పడిపోయిన చెట్ల బెరడు ఎత్తి చూస్తుంటే, ఫిలెమోనా దూరంగా నిలబడేది.

"దగ్గరికి రా పిన్నీ, కరవదు."

"కరిచి పోయేదైతే నాకేం భయం? నువ్వే చూసుకో తల్లీ."

మధ్యాహ్నం మొక్కజొన్న రొట్టెలు తింటుండగా పొగమంచు కమ్మింది. అంతలో దగ్గర్లోనే రంపపు మోత మొదలై, ఠక్కున ఆగింది. మగాళ్ల మాటలు ఇటే వస్తున్నాయి. దొంగచాటుగా చెట్లు కొట్టేవాళ్లు. కిందటేడు కాపలాకెళ్లిన సెబెరియానో మోకాలిని తుపాకీతో పేల్చింది వాళ్లే.

ఫిలెమోనా పిల్లను లాక్కుని ఓ పెద్ద దుంగ కిందికి దూరింది. ఇద్దరూ బోర్లా పడుకున్నారు. బూట్లు వచ్చి వాళ్ల ముఖాల ముందే ఆగాయి.

"రొట్టె ముక్కరా! ఇంకా మెత్తగానే ఉంది."

"ఏ ముసలాడో పుట్టగొడుగులకొచ్చుంటాడులే."

"ఉంటే బయటికి రమ్మను, పలకరిద్దాం," అని మొదటివాడు తుపాకీ మడమతో దుంగ మీద కొట్టాడు. కుళ్లు పొట్టు రాలింది. దాంతోపాటు చల్లగా, మెత్తగా ఏదో ఫిలెమోనా మణికట్టు మీద పడి, చొక్కా చేతిలోకి పాకసాగింది.

అదేమిటో ఆవిడకు తెలిసిపోయింది. కేక గొంతు దాకా వచ్చింది. శాలువా అంచు నోట్లో కుక్కుకుని కళ్లు మూసుకుంది. అది మోచేయి దాటింది. ఇరాయిస్ ఆవిడ రెండో చెయ్యిని గోళ్లు దిగేలా పట్టుకుంది.

చివరికి బూట్లు కదిలాయి. మాటలు మంచులో కలిసిపోయినా, చాలాసేపు ఇద్దరూ లేవలేదు.

"తియ్యి! ముందు దాన్ని తియ్యి అమ్మాయీ!"

ఇరాయిస్ మెల్లగా బయటికి తీసింది. నల్లటి ఒళ్లు, వీపున ఎర్రటి చార. "దీని కోసమే వచ్చాను పిన్నీ," అంటూ ఏడ్చేసింది. కళ్లనీళ్లు అడ్డొచ్చి ఫొటో సరిగ్గా కుదర్లేదు.

"కుదిరినంత చాలు. దాన్నొదిలేసి పద!"

ఊరు చేరగానే ఫిలెమోనా జరిగిందంతా చెప్పింది. సంగతి విని ఊరి మగాళ్లు గుంపుగా వెళ్లేసరికి నరికిన మొదళ్లే మిగిలాయి.

వారం తిరక్కుండా మళ్లీ ఫిలెమోనా వంతు వచ్చింది. ఈసారి నలుగురిని తోడు పంపారు. చొక్కా చేతులు దారంతో బిగించి కట్టుకుని బయల్దేరింది. ఎప్పుడూ ముందు నడిచే మనిషి ఆ రోజు నలుగురి మధ్యనే నడిచింది.