స్వరూప క్లాసులో చెప్పిన సంగతి

కరోనా సెలవుల తర్వాత కాలేజీలు తెరిచిన ఏడాది, గోదావరిఖనిలో నేను పనిచేస్తున్న డిగ్రీ కాలేజీలో నన్ను కౌన్సెలింగ్ ఇన్‌చార్జిగా వేశారు. నేను కామర్స్ అధ్యాపకుణ్ణి. మూడు రోజుల శిక్షణ ఇచ్చారు. ఇన్‌చార్జి వైద్యం చేయడు. వింటాడు, అవసరమైతే దవాఖానకు పంపుతాడు. లైబ్రరీ పక్కన ఒక గది ఇచ్చి 'మానసిక సలహా కేంద్రం' అని బోర్డు పెట్టారు. దసరా దాకా ఒక్కరూ రాలేదు.

మొదట వచ్చింది రెండో సంవత్సరం చదివే స్వరూప. వాళ్ల నాన్న బొగ్గుబావి కార్మికుడు. నిలబడే చెప్పింది.

"సార్, ఈ గదిలకు వస్తే పిచ్చోళ్లంటరని అందరికి భయం. నేను ఏడాది సంది డిప్రెషన్‌కు గోళీలు వేసుకుంటున్న. క్లాసుల నేనే చెప్త. నాతోనైతే మాట్లాడుతరు."

బయటపెట్టిన మాటను వెనక్కి తీసుకోలేం. అందుకే ఇంట్లో అడిగి రమ్మన్నాను. మర్నాడు మొదటి షిఫ్టు దిగి వాళ్ల నాన్నే వచ్చాడు.

"నాకైతే భయమే సార్. కాలనీల తలొక మాటంటరు. కానీ బిడ్డ దాసుకోనంటాంది. మీరు పక్కన ఉండుండ్రి" అన్నాడు.

శనివారం చివరి పీరియడ్‌లో స్వరూప మాట్లాడింది. పుస్తకం తెరిస్తే ఏడుపొచ్చిన రోజుల గురించి చెబుతుంటే వెనక బెంచీలో ఎవరో నవ్వారు. ఆమె ఆగింది. "మా నాయిన నడుము పట్టేసి ఇంట్ల పడుకుంటె ఎవ్వలు నవ్వలే. నన్ను జూసి ఎందుకు నవ్వుతున్నరు?" అని అడిగి, మిగతాది పూర్తి చేసింది.

తర్వాతి వారం ఇద్దరు ఆమెను వెతుక్కుంటూ క్యాంటీన్‌కు వెళ్లారు. క్రమంగా ఎనిమిదిమంది ఆమెలాగే తోటి విద్యార్థులకు తోడు నిలవడానికి ముందుకొచ్చారు. వాళ్లకు నేర్పింది కొంచెమే. వినాలి, తీర్పు చెప్పొద్దు, విన్నది బయట పెట్టొద్దు. చావు మాట వస్తే మాత్రం దాచొద్దు. ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా నా దగ్గరికి తేవాలి.

జనవరిలో మహేశ్ అనే ఫైనలియర్ విద్యార్థి స్వరూపతో "ఇగ బతకబుద్ధి అయితలేదు" అన్నాడు. ఎవరికీ చెప్పనని ఒట్టేయమన్నాడు. ఆమె వేయలేదు. "అన్నా, ఇది నేను దాయ. పా, సార్ దగ్గరికి ఇద్దరం పోదాం" అని వెంటబెట్టుకొచ్చింది. అతని అక్కను పిలిపించి, అందరం కలిసి దవాఖానకు తీసుకెళ్లాం. మానసిక వైద్యుడు అదే రోజు చేర్చుకున్నారు. నెల తర్వాత మహేశ్ క్లాసులకు వచ్చాడు. ఒక సబ్జెక్టు తప్పి, మళ్లీ రాసి పాసయ్యాడు. ఇప్పుడు బసంత్‌నగర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు.

కష్టంలో ఉన్న విద్యార్థి ముందు తన ఈడువాళ్లకే చెప్పుకుంటాడు. అక్కడి నుంచి డాక్టరు దాకా దారి తెరిచి ఉంచడమే అధ్యాపకుడి పని. ఇది నాకు శిక్షణలో ఎవరూ చెప్పలేదు. స్వరూప నేర్పింది, అందుకు ఆమెకు నేనెప్పుడూ కృతజ్ఞుణ్ణి.