నవమి నాడు కడిగిన పాదాలు

రండి, ఇలా నా మంచం దగ్గరికి జరిగి కూర్చోండి. ఫ్యాను గాలి ఇక్కడికే బాగా తగులుతుంది. మొన్న హోలీకి మా ఘాజియాబాద్ సొసైటీలో కింద పార్కులో రంగులు చల్లుకుంటుంటే, మా మనవరాలు గుమ్మం దాటకుండా నిలబడి, "అమ్మమ్మా, హమ్ తో క్రిస్టియన్ హై నా? మై జాఊఁ యా నహీ?" అని, మనం క్రిస్టియన్లం కదా, వెళ్ళనా వద్దా అని అడిగింది. వాళ్ళమ్మ వద్దంది, వాళ్ళ నాన్న పోనీమన్నాడు, చివరికి ఇద్దరూ నా మొహం చూశారు. నేను చదివింది ఎనిమిదో తరగతి. బైబిలు వాక్యం విడమర్చి చెప్పేంత విద్య నా దగ్గర లేదు. కానీ ఒక రోజు మాత్రం నాకు నిన్న జరిగినట్టే గుర్తుంది. దానికి ఆ రోజు గురించే చెప్పాను. మీకూ చెబుతాను.

నా చిన్నప్పుడు మేము ఢిల్లీ ఆర్.కె. పురంలో సర్కారు క్వార్టర్లలో కింది ఇంట్లో ఉండేవాళ్ళం. నాన్న ఆఫీసులో అటెండరు. అమ్మ ఆసుపత్రిలో ఆయా పనికి పొద్దున్నే వెళ్ళిపోయేది. ఇల్లు, నేను, తాళంచెవులు, అన్నీ మా నాయనమ్మ చేతిలోనే. ఆవిడ గుంటూరు వైపు పల్లె నుంచి వచ్చిన మనిషి. సంతకం రాదు గానీ, ఒకసారి విన్న పాట మరిచిపోయేది కాదు.

ప్రతి ఆదివారం సాయంత్రం మా ముందు గదిలో ప్రార్థన కూడిక జరిగేది. చుట్టుపక్కల సెక్టార్ల నుంచి పది పన్నెండు తెలుగు కుటుంబాలు వచ్చేవి. గది చాలక ఆడవాళ్ళు వంటింట్లోకి కూడా సర్దుకునేవారు. ఆ రోజు నాయనమ్మ నడకే వేరుగా ఉండేది. ప్రభువు పాట తన గుమ్మంలో మొదలవుతోందంటే ఆవిడకు అంతకంటే గొప్ప ఆస్తి లేదు. చాపలు ఆవిడే పరిచేది, ఆవిడే దులిపేది, ఇంకొకరిని ముట్టనిచ్చేది కాదు.

కూడిక నడిపించే పెద్దయ్య గారు మంచివారే. నాన్నకు జ్వరం వస్తే రెండు బస్సులు మారి వచ్చి తల దగ్గర కూర్చున్న మనిషి. కానీ పండగల విషయంలో మాత్రం ఆయన మాట గీత గీసినట్టుండేది. హోలీ రంగు వద్దు, దివాలీ దీపం వద్దు, విగ్రహాల ముందు పెట్టిన తిండి అసలే వద్దు. పిల్లలందరం తలలూపేవాళ్ళం.

నా కళ్ళు మాత్రం కంజక్ మీద ఉండేవి. ఢిల్లీలో నవరాత్రుల చివర పంజాబీ ఇళ్ళలో తొమ్మిది మంది చిన్న ఆడపిల్లలను పిలిచి, దేవతగా భావించి కాళ్ళు కడిగి, పూరీ, నల్ల శనగలు, హల్వా పెట్టి, గాజులు, ఎర్ర చున్నీ ఇచ్చి పంపుతారు. ఆ పొద్దున ఆడపిల్లలకు ఎంత గిరాకీ అనుకున్నారు! ఒక ఇంట్లో చెయ్యి కడుక్కోకముందే ఇంకో ఇంటివాళ్ళు వచ్చి లాక్కుపోయేవారు. నా స్నేహితురాళ్ళంతా ఎర్ర చున్నీలతో మెట్లెక్కి దిగుతుంటే, నేను కిటికీ ఊచలు పట్టుకుని చూసేదాన్ని.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు, ఆ ఏడు నవమి గురువారం వచ్చింది. ఆ మరుసటి వారమే మంచి శుక్రవారం. ముందురోజు సాయంత్రం పై ఇంటి పంజాబీ ఆంటీ మెట్ల మీద నన్నాపి, "బేటా, రేపు పొద్దున రా. తొమ్మిదో పిల్ల తక్కువైంది" అంది. ఇంట్లో అడిగితే ఏమంటారో నాకు తెలుసు. అందుకే అడగలేదు. పొద్దున ఆడుకోవడానికి వెళ్తున్నానని చెప్పి, చెప్పులు చప్పుడు కాకుండా చేత పట్టుకుని పైకి వెళ్ళాను.

ఆంటీ నన్ను పీట మీద కూర్చోబెట్టింది. పెద్ద ఇత్తడి పళ్ళెంలో నా పాదాలు పెట్టి, గోరువెచ్చని నీళ్ళు పోసి, వేళ్ళ సందుల్లో మట్టి కూడా పోయేలా కడిగింది. తన చున్నీ కొంగుతో తుడిచింది. నాకు చక్కిలిగింతలు పుట్టాయి, సిగ్గూ వేసింది. నుదుట బొట్టు పెట్టి, చేతికి ఎర్ర దారం కట్టింది. కడుపు నిండా తిన్నాను. దిగి వచ్చేటప్పుడు గాజులు, చున్నీ మెట్ల కింద కరెంటు మీటరు డబ్బా వెనక దాచాను, మొహాన బొట్టు తుడిచేశాను. దారం సంగతి మాత్రం మరిచిపోయాను.

దొంగకు తొందరెక్కువ, తెలివి తక్కువ అంటారు కదా!

ఇంట్లో అడుగుపెట్టేసరికి పెద్దయ్య గారు ఎదురుగా కూర్చుని ఉన్నారు, పండగ సెలవుకి ఇంట్లో ఉన్న నాన్న ఆయన పక్కనే. ఆ సాయంత్రం ప్రత్యేక కూడిక. ప్రభువు తన శిష్యుల పాదాలు కడిగినందుకు గుర్తుగా, మంచి శుక్రవారానికి వారం ముందు వచ్చే గురువారం మా కూడికలోనూ ఏటా పాదాలు కడిగే వాడుక ఉండేది. మగవాళ్ళవి పెద్దయ్య గారు, ఆడవాళ్ళవి నాయనమ్మ. ఆ ఏర్పాట్లు మాట్లాడడానికి వచ్చిన ఆయన కళ్ళు నా మణికట్టు మీద పడ్డాయి.

"ఇదేంటమ్మాయ్?"

చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను. అప్పటికే అందరూ చూసేశారు. నా ఏడుపులోనే మొత్తం కథ బయటికి వచ్చేసింది. పెద్దయ్య గారు నాయనమ్మతో, "చూడండమ్మా, విగ్రహాల ముందు పెట్టింది తిని వచ్చిన ఇంట్లో ఇవాళ ప్రభు భోజనం బల్ల ఎలా పరచమంటారు? కూడిక ఇంకో ఇంటికి మార్చుకుందాం. ఈ ఒక్క రోజుకే కాదు" అన్నారు.

నాన్న నేల చూశాడు. నాయనమ్మ లేచి నా వైపు వచ్చింది. నన్ను కొడుతుందనుకున్నాను. ఆవిడ మాత్రం నా పాదాల వంక చూసి వేరే మాట అడిగింది.

"ఏమే, నీ కాళ్ళు ఎవరు కడిగారు? పనిమనిషా?"

"కాదు నాయనమ్మా, ఆంటీయే."

"తన చేత్తోనే?"

"చున్నీతో తుడిచింది కూడా."

ఆవిడ గోడకు ఆనుకుని నెమ్మదిగా కూర్చుంది. "అయ్యా, మా ఊళ్ళో పెద్ద వీధిలో నడవాలంటే చెప్పులు విప్పి చేత పట్టుకునేవాళ్ళం. ఆ కాళ్ళకు ఎవరైనా నీళ్ళు పోస్తారని కలలో కూడా అనుకోలేదు" అంది. పెద్దయ్య గారిదీ అలాంటి పల్లే. నాయనమ్మ లేచి కొంగు బిగించింది. "కూడిక సంగతి మీ ఇష్టం. ఒక్క ఘడియ ఆగండి. ఆవిడ మనమెవరో తెలిసి కడిగిందో, తెలియక కడిగిందో అడిగొస్తాను. తెలియక కడిగితే మనం మోసం చేసినట్టు."

నా చెయ్యి పట్టుకుని మెట్లెక్కింది. ఆవిడ హిందీ మా వీధి వీధంతా నవ్వుకునే హిందీ. ఆ రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు. "బేటీ, హమ్ ఈసాయీ హై", మేము క్రైస్తవులం, అని మొదలుపెట్టి, మేము ఎవరి బిడ్డలమో, మా ఊళ్ళో మమ్మల్ని ఎక్కడ నిలబెట్టేవారో, ఈ పిల్ల ఇంట్లో చెప్పకుండా దొంగతనంగా వచ్చిందనీ, ఒక్కటి దాచకుండా చెప్పింది. "నీ పూజ చెడిందేమో, క్షమించమ్మా" అంది.

ఆంటీ చేతిలో గిన్నె పక్కన పెట్టింది. "అరే మాతాజీ! నాలుగేళ్ళుగా ప్రతి ఆదివారం మీ పాటలు నా కాళ్ళ కింద నుంచే కదా వస్తున్నాయి! రెండు పాటలు నాకూ నోటికి వచ్చేశాయి. మీరెవరో నాకు తెలియదా? మా ఆడపడుచు కూడా ఆ పిల్ల వద్దనే అంది. పూజ నాది, పిలుపు నాది అన్నాను." అంతలోనే నా వైపు తిరిగి చెవి మెలిపెట్టింది. "లేకిన్ తూ! నువ్వు ఇంట్లో చెప్పకుండా వచ్చావా? దొంగపిల్లా! నన్ను కూడా దొంగను చేశావు కదే!"

ఆ మాటతో నేను చేసిన పని నాకు మొదటిసారి అర్థమైంది. నేను ఇంట్లోవాళ్ళకే అబద్ధం చెప్పాననుకున్నాను. వాళ్ళకూ, ఆంటీకీ, ఇద్దరికీ చెప్పాను.

నాయనమ్మ నా చేతి దారం తెంపకుండా ముడి విప్పి, మడిచి ఆంటీ చేతిలో పెట్టింది. "ఇది నీ ప్రార్థన తల్లీ. నమ్మనివాళ్ళు కట్టుకుంటే నీకూ అబద్ధమే, మాకూ అబద్ధమే." ఆంటీ నొచ్చుకోలేదు. తీసుకుని కళ్ళకద్దుకుంది. అప్పుడు నాయనమ్మ అడిగింది చూడండి, నేను ఇప్పటికీ తలుచుకుని నవ్వుకుంటాను: "ఆ ఇత్తడి పళ్ళెం సాయంత్రానికి ఇస్తావా? మాది చిన్నది."

దిగేటప్పుడు మెట్ల కింద ఆగి, "ఇంకా ఏం దాచావే?" అంది. గాజులు, చున్నీ బయటికి తీశాను. చున్నీ నా భుజాన వేసి, గాజులు తనే నా చేతికి తొడిగింది. "గాజులు గాజులే. వేసుకుంటే నీవి, దాచుకుంటే దొంగసొత్తు."

పళ్ళెం చూసి పెద్దయ్య గారు ఉలిక్కిపడ్డారు. "అమ్మా, ఇది పూజలో వాడిందేనా?"

"అవునయ్యా. చింతపండు పెట్టి తోముతాను."

"దారం?"

"విప్పి ఇచ్చేశాను. తిన్నది మాత్రం విప్పలేం కదా!"

నాన్న దగ్గు వచ్చినట్టు మొహం పక్కకు తిప్పుకున్నాడు. పెద్దయ్య గారికి మాత్రం నవ్వు రాలేదు. ఆవిడ ఏం తెలుసుకుని వచ్చిందో మొత్తం విన్నారు. "సాయంత్రం వరకు ఆలోచించుకోనివ్వండి" అని వెళ్ళిపోయారు. మధ్యాహ్నమంతా నాయనమ్మ ఆ పళ్ళెం తోముతూనే ఉంది. కూడిక ఉంటుందో లేదో తెలియని ఇంట్లో, చాపలు కూడా పరిచేసింది.

సాయంత్రం ఆయన వచ్చారు. ఆయన వెనకే అందరూ వచ్చారు. ఆయన వస్తూనే పాట ఎత్తుకున్నారు. మగవాళ్ళ వంతు అయ్యింది. వంటింటి వైపు నాయనమ్మ ఆడవాళ్ళ పాదాలు కడుగుతుండగా, పై ఇంటి ఆంటీ పాదాలు తుడవడానికి తువ్వాలు కావాలేమోనని తెచ్చి గుమ్మంలో నిలబడింది. చివరి మనిషి లేచాక నాయనమ్మ ఆ ఖాళీ పీట చూపించింది. ఆంటీ వెనక్కి తగ్గి, "నహీ మాతాజీ, మీరు పెద్దవాళ్ళు!" అంది. నాయనమ్మ పీట మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది. ఆంటీ కూర్చుంది. పొద్దున నా పాదాలు మోసిన పళ్ళెంలోనే సాయంత్రం ఆవిడ పాదాలు ఉన్నాయి. నాయనమ్మ కడుగుతుంటే ఆంటీ కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. గదిలో అందరూ చూశారు.

వెళ్ళేముందు పెద్దయ్య గారు చెప్పులు తొడుక్కుంటూ, "అమ్మా, ఆ హల్వా సంగతి నేను ఇప్పటికీ ఒప్పుకోను" అన్నారు. "ఒప్పుకోవద్దయ్యా" అంది నాయనమ్మ. "కానీ కూడిక ఎక్కడికీ పోదు. ఇక్కడే" అన్నారాయన. ఆ రాత్రి చాపలు దులిపేటప్పుడు మా నాయనమ్మ రాణీలా ఉంది.

మరుసటి ఏడు నవమికి నేను నాయనమ్మతో చెప్పి వెళ్ళాను. గుమ్మంలోనే ఆంటీకి, వచ్చి కూర్చుంటాను, బొట్టు, దారం వద్దు అని చెప్పాను. ఆవిడ వంటింట్లోంచి ఒక పళ్ళెం తెచ్చింది. "నీది ముందే తీసి పెట్టాను. దేవి ముందు పెట్టలేదు. మీ అయ్యగారికి చెప్పు" అంది. ఎవరూ అడగలేదు, ఆవిడకే తోచింది. ఆ మాట చెబితే పెద్దయ్య గారు మొదటిసారి పకపకా నవ్వారు. "ఆ తల్లికి నా వందనాలు చెప్పమ్మా" అన్నారు.

ఇదే మా మనవరాలికి చెప్పాను. వెళ్ళాలా వద్దా అన్నది నీ మనసులో ప్రభువును అడుగు. వెళితే మాత్రం మెట్ల కింద ఏమీ దాచకు. గుమ్మంలో నువ్వెవరో చెప్పి లోపలికి వెళ్ళు, అదే మొహంతో ఇంటికి రా. అది కిందికి వెళ్ళి, అక్కడి ఆంటీలతో, "మేము క్రిస్టియన్స్, పూజకు రాను, ఆడుకోవడానికి వచ్చాను" అని చెప్పిందట. ఆకుపచ్చ రంగు పూసిన మొహంతో, తల నిటారుగా పెట్టుకుని లిఫ్టులోంచి దిగింది. నాకు మా నాయనమ్మ నడక కనిపించింది.

ఇన్నేళ్ళలో నేను ఎన్నో గుమ్మాలు ఎక్కాను, ఏ గుమ్మంలోనూ నా పేరు మింగలేదు. ఎవరైనా నా ఇంటికి వస్తే ముందు వాళ్ళ పాదాల వంక చూస్తాను, ఎంత దూరం నడిచి వచ్చారో అని. మీరు కూడా చాలా దూరం నుంచి వచ్చి ఇంతసేపు విన్నారు. మీ గుమ్మంలో దాచుకోవలసినది ఏదీ లేకుండు గాక, మీ ఇంట పాట ఆగకుండు గాక, మీ పిల్లల పాదాలు ఏ వీధిలోనైనా చెప్పులతోనే నడుచు గాక.