పచ్చయమ్మ పెద్దమ్మ పిట్టలు

మా పెద్దమ్మ పచ్చయమ్మ గుడియాత్తంలో పవర్‌లూమ్ మగ్గాల మధ్య ముప్పై ఏళ్లు లుంగీలు నేసింది. ఆ మోతకు చెవులు పోయాయి. చెవి మిషను పెట్టుకుంటే తలలో గింగురుమంటుందని దాన్ని డబ్బాలో పడేసింది. ఎదుటి మనిషి పెదాలు చూసి మాట పట్టుకునేది. పెదనాన్న పోయాక ఇంట్లో చూడటానికి ఆ పెదాలు కూడా లేకపోయాయి.

నేను వేలూరులో ల్యాబులో పనిచేస్తాను. రెండేళ్ల కిందట అక్కడి అంగడిలో నాలుగు లవ్‌బర్డ్స్ కొని తెచ్చిచ్చాను. పిడికిట్లో పట్టేంత చిన్న చిలకలు. కూత వినపడని మనిషికి పిట్టలెందుకని మా అమ్మ కోప్పడింది.

నెల తిరిగేసరికి పెద్దమ్మే నాకు పాఠం చెప్పింది.

"ముక్కు నూరుకుంటా ఉంటే నిద్దర వస్తా ఉండాదని. పట్టపగలు ఈకలు ఉబ్బించుకోని మూలన కూర్చుంటే ఒళ్లు బాగలేదని. బెదిరినాయంటే చూడప్పా, ఈకలన్నీ ఒంటికి అతికించుకోని పుల్ల మాదిరి నిలబడతాయి."

తలుపు తడితే పిట్టలు అలా బిగుసుకునేవి. అది చూసి ఆమె వచ్చి గడియ తీసేది. అంతకుముందు నేను పోయినప్పుడల్లా కిటికీ దగ్గర నిలబడి చేతులు ఊపాల్సి వచ్చేది.

పక్కింటి అంజలైకి మాత్రం ఆ పిట్టలంటే మంట. ఒకరోజు గుమ్మంలోనే నన్ను అడ్డుకుంది. "మీ పెద్దమ్మకేమప్పా, చెవులు ఇనపడవు. పొద్దున లేస్తే ఆ కూతలకు నా తలకాయ పగిలిపోతా ఉండాది."

ఆమె ముఖం నా వైపే ఉండటంతో పెదాలు కనపడక, ఏమంటోందని పెద్దమ్మ అడిగింది. పిట్టలు ముద్దుగా ఉన్నాయంటోందని అబద్ధం చెప్పాను. పెద్దమ్మ నవ్వి, ఆమెకు కాఫీ ఇవ్వబోయింది. అంజలై ముఖం తిప్పుకుని వెళ్లిపోయింది.

పోయిన ఆడినెలలో, ఆషాఢం రోజుల్లో, ఒకరోజు పదకొండు గంటలప్పుడు, పెద్దమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ పంజరం వైపు చూసింది. నాలుగూ పుల్లల్లా నిలబడి ఉన్నాయి. తలుపు తీసింది. ఎవరూ లేరు. పిల్లి ఏమైనా వచ్చిందా అని పెరడంతా చూసింది. అదీ లేదు. లోపలికొచ్చేసరికి పిట్టలు కాస్త వదులయ్యాయి, అంతలోనే మళ్లీ బిగుసుకున్నాయి. అన్నీ అంజలై ఇంటి వైపు గోడకేసి చూస్తున్నాయి.

పెద్దమ్మ పోయి ఆ గోడ మీద అరచెయ్యి ఆనించింది. అవతల నుంచి ఎవరో కొడుతున్న అదురు చేతికి తగిలింది.

పరుగున పక్కింటికి పోయింది. పెరటి తలుపు దగ్గరగా వేసి ఉంది. స్నానాల గదిలో అంజలై పడిపోయి, చెంబుతో గోడను కొడుతోంది. కూతురు ఉద్యోగానికి పోయింది, సాయంత్రం దాకా రాదు. పెద్దమ్మ వీధిలోకి వచ్చి గొంతెత్తి అరిచింది. ఆటో తంగరాజ్ పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరూ కలిసి ఆమెను వేలూరు ఆసుపత్రికి చేర్చారు.

తొడ ఎముక విరిగింది. ఆపరేషను అయిన మరునాడు నేను పెద్దమ్మతో కలిసి చూడటానికి పోతే అంజలై నా చెయ్యి పట్టుకుంది.

"అరిచి అరిచి గొంతు పోయింది నాయనా. వీధిలో చెవులుండే వాళ్లెవురికీ ఇనపడలే. మీ పెద్దమ్మకు ఇనపడింది."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. పెద్దమ్మ మాత్రం, "నాకేడ ఇనపడిందమ్మా? దండం పెట్టేదుంటే పిట్టలకు పెట్టు," అంది.

మూడు నెలలకు అంజలై వాకరు పట్టుకుని నడవగలిగింది. ఇప్పుడు రోజూ పది గంటలకల్లా కొత్తిమీర కట్టతో వస్తుంది. పిట్టలకు ఆకులు తుంచి పెట్టి, పెద్దమ్మకు ఎదురుగా కూర్చుని, పెదాలు బాగా కదిలిస్తూ నిదానంగా మాట్లాడుతుంది.

పోయిన ఆదివారం నేను పోయేసరికి తలుపు తెరిచే ఉంది. తన పెళ్లికి మగపెళ్లివాళ్లు జోలార్పేటలో రైలు తప్పిపోయి, సాయంత్రానికి చేరిన కథ చెబుతోంది అంజలై. పెద్దమ్మ కళ్లు తుడుచుకుంటూ పగలబడి నవ్వుతోంది. పెదనాన్న పోయాక ఆమె అలా నవ్వగా చూడటం అదే మొదటిసారి. నా రాకను ఇద్దరూ గమనించలేదు.

అడ్డం పోకుండా వంటింట్లోకి వెళ్లి ముగ్గురికీ కాఫీ పెట్టాను.